ఆకురాలే కాలం సెంటు శాంపిల్ వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

సెప్టెంబర్ నెలాఖరు వచ్చిందంటే నాకు ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. "చిన్న తయారీదారు దగ్గర ఫాల్ సెంటు శాంపిల్ తెప్పించాను, మూత తీస్తే పొగ కంపు. పారేయనా?" అని ఒకరు. "సీసాతో వచ్చిన కార్డు మీద తడిసిన ఆకులు, దూరంగా చలిమంట అని రాశారు. నాకు మాత్రం మందుల షాపులోకి వెళ్ళినట్టుంది" అని ఇంకొకరు. అందరికీ విడివిడిగా చెప్పి చెప్పి అలసిపోయాను, అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను. పారేయకండి. ఇది ఐదు నిమిషాల్లో తేలే వ్యవహారం కాదు.

మాల్‌లో దొరికే సెంట్లు ఒంటికి మంచి వాసన రావడానికి చేసినవి. ఈ చిన్న తయారీదారులు చేసేది వేరు. వాళ్ళు ఒక చోటును, ఒక వాతావరణాన్ని సీసాలో పెట్టాలని చూస్తారు. లాస్ ఏంజిలిస్‌లో 2002లో మొదలైన బ్లాక్ ఫీనిక్స్ ఆల్కెమీ ల్యాబ్ ప్రతి ఏడాదీ హాలోవీన్ సమయానికి ఎండుటాకుల వాసనలతో నూనె సెంట్లు తెస్తుంది. క్రిస్టఫర్ బ్రోసియస్ అనే ఆయన కాలుతున్న ఆకుల వాసననే సెంటుగా చేశాడు. ఇలాంటివి చేసేవాళ్ళు చాలామంది ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే దుకాణాలే.

మొదటే ఒక సంగతి చెప్పాలి. అమెరికా వాళ్ళ ఫాల్ అంటే ఆకురాలే కాలం, అదీ మన శరత్తూ ఒకటి కావు. ఆశ్వయుజ, కార్తీకాలంటే మనకు తేటపడ్డ ఆకాశం, వెన్నెల. ఆకులు రాలేది మాఘ, ఫాల్గుణాల్లో, శిశిరంలో. పేరు చూసి శరత్ వెన్నెల కోసం వెతికితే దొరకదు. పైగా ఆ సెంటు చేసిన మనిషి ముక్కు ఒక ఊళ్ళో పెరిగింది, మీ ముక్కు ఇంకో ఊళ్ళో పెరిగింది. కింద చెప్పిన పద్ధతంతా ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని నేను అలవాటు చేసుకున్నదే.

కావలసినవి

- శాంపిల్ సీసా, 1 మిల్లీలీటరుది చాలు
- అచ్చు లేని దళసరి కాగితం, వేలెడు పొడవు ముక్కలు నాలుగు (వెనక ఖాళీగా ఉన్న పెళ్ళి శుభలేఖ వద్దు, దానికి సొంత వాసన ఉంటుంది)
- వాసన లేని సబ్బు
- తెల్లటి పాత నూలు గుడ్డ ముక్క
- నోటు పుస్తకం, పెన్ను
- ఇంకో మనిషి ముక్కు
- చలిగా ఉండే ఒక సాయంత్రం

చివరిది అన్నిటికంటే ముఖ్యం. 10 డిగ్రీల చలికి చేసిన సెంటును హీటర్ వేసిన గదిలో కూర్చుని తేల్చడం న్యాయం కాదు.

1. తెప్పించేటప్పుడు

పెద్ద సీసా జోలికి పోకుండా శాంపిళ్ళు తీసుకోండి, అవీ ఒక విడతకు నాలుగే. "ఈ సీజన్‌కే, అయిపోతే మళ్ళీ రాదు" అన్న మాటకు టెన్షన్ పడకండి. ఆ తొందరలో కొన్న పెద్ద సీసాలు మా ఇంట్లో మూడున్నాయి, మూడూ నిండుగానే ఉన్నాయి.

నూనెలో కలిపిందా, ఆల్కహాల్‌లో కలిపిందా అన్నది చూసుకోండి. నూనెది ఒంటికి అంటిపెట్టుకుని మెల్లగా వస్తుంది, పక్కవాళ్ళకు పెద్దగా తెలియదు. ఆల్కహాల్‌ది గదంతా పాకుతుంది. ఆఫీసులో వాడేవాళ్ళకు నూనెదే మేలు.

ఇండియాలో ఉన్నవాళ్ళకు ఇక్కడ ఒక చిక్కుంది. ఆల్కహాల్ ఉన్న సెంటును అమెరికా పోస్టు విదేశాలకు పంపనివ్వదు. నూనెది తెప్పించుకోండి, లేదా వచ్చేవాళ్ళ పెట్టెలో రప్పించుకోండి. అదీ కుదరకపోతే కన్నౌజ్‌లో చేసే మిట్టీ అత్తరు కొనండి. కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి బానలో మరగబెట్టి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి దింపుతారు. ఎండుటాకులు ఉండవు కానీ తొలకరి మాత్రం ఉంటుంది. కింద చెప్పిన పరీక్ష దానికీ పనికొస్తుంది.

2. పార్శిల్ రాగానే

మూత తీయకండి, ఫొటో తీయండి. ఒకసారి నాకు వచ్చిన ఆరు సీసాల్లో రెండు దారిలోనే కారిపోయి, ఆరింటికీ ఒకే లవంగం వాసన పట్టింది. ఫొటో ఉండబట్టి మళ్ళీ పంపారు.

చలికాలం మెయిల్ బాక్సులో పడి ఉన్న నూనె మబ్బుగా, చిక్కగా కనిపించవచ్చు. పాడైందనుకోకండి. గదిలో ఒక రోజు ఉంచితే తేటపడుతుంది. అడుగున మడ్డి కనిపిస్తే సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించండి. జిగురు సరుకులున్న సెంట్లలో ఇది మామూలే. నెల రోజులు కదపకుండా ఉంచాలని కొందరు పట్టుబడతారు. నాకైతే మూడు నాలుగు రోజులకు మించి తేడా కనిపించలేదు.

సీసా మీద వచ్చిన తేదీ రాసి అంటించండి. తయారీదారు పంపిన కార్డు ఉంటుంది, దాన్ని చదవకుండా నోటు పుస్తకంలో మడిచి పెట్టేయండి.

3. చర్మానికి పడుతుందో లేదో

ఈ కాలం సెంట్లలో దాల్చినచెక్క, లవంగం విరివిగా వాడతారు. రెండూ చర్మాన్ని మండించగలవు. మోచేతి మడతలో ఆవగింజంత రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ సెంటును ఒంటికి రాయడం మానేయండి. అంతమాత్రాన సీసా వృథా కాదు. నూలు గుడ్డకు ఒక చుక్క అంటించి, పోగు వేసిన స్వెటర్ల పక్కన పెట్టుకోవచ్చు, బట్టకు తగలకుండా. ఉబ్బసం ఉన్నవాళ్ళు పొగ వాసన రకాల జోలికి పోకపోతేనే మంచిది.

ఆల్కహాల్ సెంటును దీపం దగ్గర, గ్యాస్ పొయ్యి దగ్గర కొట్టకండి. దీపావళి రోజు తయారయ్యే హడావుడిలో ఇది మర్చిపోతాం.

4. ముందు కాగితం మీద

కాగితం చివర ఒక చుక్క వేసి అర నిమిషం ఆగండి. ఆల్కహాల్ ఎగిరిపోవాలి. వెంటనే పీలిస్తే ముక్కు జివ్వుమనడం తప్ప ఏమీ తెలియదు. తర్వాత కాగితాన్ని ముక్కుకు రెండంగుళాల దూరంలో అటూ ఇటూ ఆడించి, తోచిన మొదటి మూడు మాటలు రాయండి. తెలుగులోనే రాయండి. "ఉడీ", "స్మోకీ" అని రాస్తే రేపటికి మీకే ఏమీ గుర్తుకురాదు. మనకు కమురు ఉంది, మాడు ఉంది, ముక్కిన వాసన ఉంది, పచ్చి వాసన ఉంది. దేనికదే వేరు. కమురు అంటే గుడ్డ కాలిన వాసన అని మీ ముక్కుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండేళ్ళ కిందట నేను ఒక సీసాకు రాసుకున్న మూడు మాటలు: మెంతిపిండి, జాడీ, ఎండుగడ్డి. అంతా అయ్యాక కార్డు తీస్తే "మేపుల్ సిరప్, ఎండిన పొలం" అని ఉంది. నా ముక్కు తప్పూ కాదు, ఆ కార్డు తప్పూ కాదు. మెంతుల్లోనూ మేపుల్ సిరప్ వాసనలోనూ పనిచేసేది సోటోలాన్ అనే ఒకే పదార్థం. 2005 నుంచి కొన్నేళ్ళపాటు న్యూయార్క్‌లోని మన్‌హాటన్ జనం ఉండుండి ఊరంతా మేపుల్ సిరప్ వాసన వస్తోందని ఫిర్యాదు చేసేవారు. అది హడ్సన్ నది అవతల న్యూజెర్సీలో మెంతులతో పనిచేసే ఒక కర్మాగారం నుంచి వస్తోందని 2009లో తేల్చారు. మనవాళ్ళనెవరినైనా అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాళ్ళు!

కార్డు ముందే చదివి ఉంటే నేనూ "అవును, మేపుల్" అనుకునేదాన్ని. ఆవకాయ జాడీ గుర్తుకొచ్చేదే కాదు.

5. ఒంటి మీద, ఒక పూటంతా

మరుసటి రోజు, వాసన లేని సబ్బుతో చేయి కడుక్కుని, పొడి తుడుచుకుని, మోచేతి మడతలో ఒకే ఒక్క చుక్క రాయండి. ఒక రోజుకు ఒకటే సెంటు. కుదరదంటే ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి, అంతే. తలనూనె, ఒంటి లోషన్, బట్టల సబ్బు వాసన కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ రోజు వాటిని తగ్గించుకోండి.

మణికట్లు రెండూ రుద్దుకోకండి. రుద్దితే అణువులు నలిగిపోతాయన్నది ఉత్త మాట. కానీ వేడికి పైపై వాసనలు త్వరగా ఎగిరిపోతాయి, మొదటి పది నిమిషాలు మీకు దొరకవు.

ఫోనులో అలారం పెట్టుకుని ఐదుసార్లు వాసన చూడండి: 10 నిమిషాలకు, అర గంటకు, 2 గంటలకు, 6 గంటలకు, మర్నాడు పొద్దున. ప్రతిసారీ ఒక్క వాక్యం. నా పుస్తకంలో ఒక పొగ రకం సెంటుకు ఉన్నది ఇలా:

10 ని. – తారు. రోడ్డు వేస్తున్నారు. ఎందుకు కొన్నానో.
30 ని. – తారు తగ్గింది. తడి కట్టెలు అంటుకోక పొగ చిమ్ముతున్నాయి.
2 గం. – పొయ్యి ఆరిపోయింది. బూడిద, దానికింద ఏదో తీపి. తంపట వేసిన చిలగడదుంప?
6 గం. – పాత చెక్క బీరువా. అమ్మమ్మ పట్టుచీర.
మర్నాడు – సాంబ్రాణి, అదీ నిన్నటిది.

మొదటి పది నిమిషాలకే తీర్పు చెప్పి ఉంటే ఆ బీరువా దాకా వెళ్ళేదాన్ని కాదు.

అదే పూట తెల్ల గుడ్డ మీద కూడా ఒక చుక్క వేసి ఉంచండి. వెనిలా ఎక్కువున్న సెంట్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మరక పడుతుంది. తెల్ల చొక్కా మీద తెలుసుకోవడం కంటే ఈ గుడ్డ మీద తెలుసుకోవడం నయం.

6. బయటికి వెళ్ళండి

ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ, ఫిర్యాదు చేసేదీ వాళ్ళే. రాసుకున్న గంటకు చలిలో అర గంట నడవండి. వెచ్చటి గదిలో తీపి వాసనలు ముందుకొచ్చి, వెనక ఉన్న మట్టిని, ఆకులను మింగేస్తాయి. చలిగాలిలో తీపి వెనక్కి తగ్గుతుంది. ఇంట్లో పాకం మాడినట్టున్న సెంటు బయట ఎవరింట్లోనో పొయ్యి వెలిగించినట్టు వస్తే, అది పనిచేస్తున్నట్టే.

నడక మధ్యలో స్కార్ఫ్ కొంచెం వదులు చేసి చూడండి. వెచ్చటి గాలి ఒక్కసారిగా పైకి వస్తుంది. మెడ దగ్గర రాసుకున్నవాళ్ళకు అసలు మజా ఇక్కడే ఉంది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ వాళ్ళు డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున చేయండి. మేలో చేస్తే సెంటుదీ తప్పు కాదు, మీదీ కాదు.

7. ఇంకో ముక్కు

కొన్ని కస్తూరి రకం కృత్రిమ పదార్థాలు కొందరి ముక్కుకు అసలు అందవు. మీకు గంటలో మాయమైన సెంటు పక్కవాళ్ళకు సాయంత్రం దాకా రావచ్చు. "వస్తోందా, లేదా? వస్తే ఎలాంటిది?" అని మాత్రం అడగండి. "బాగుందా" అని అడిగితే ఇంట్లోవాళ్ళు ఏమంటారో మీకు తెలుసు.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉన్నప్పుడు "పాడుబడ్డ ప్రార్థనా మందిరం, పాత చెక్క" అన్న సెంటు రాసుకున్నాను. పక్క గదిలోంచి, "మిట్టమధ్యాహ్నం సాంబ్రాణి వేశావేంటే?" అంది. కార్డు తీసి చూస్తే మొదటి పేరే బెంజాయిన్. అంటే సాంబ్రాణే.

8. ఇప్పుడు కార్డు తీయండి

మీ మాటలు, వాళ్ళ మాటలు పక్కపక్కన పెట్టుకోండి. ఈ సీజన్ కార్డుల్లో పదే పదే కనబడే పేర్లు, మన ముక్కుకు అవి ఎక్కడ తగులుతాయో చెబుతాను.

వెటివర్ అంటే మన వట్టివేరు, తడికె మీద నీళ్ళు చల్లినప్పటి వాసన. ప్యాచౌలి తడి మట్టి, పాత బీరువా, అంచున కాస్త కర్పూరం. మందుల షాపు అని చాలామంది అనేది ఈ కర్పూరాన్నే, అర గంటలో తగ్గిపోతుంది. బర్చ్ టార్ అంటే కట్టెల పొయ్యి, తారు, తోలు. ఓక్‌మాస్ బావి గోడ మీది పాచి. కుమారిన్, టోంకా అని ఉంటే వరిగడ్డి వాము దగ్గర నిలబడ్డట్టు. జియోస్మిన్ తొలకరి మట్టి. వాన వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టిన 1964 నాటి ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల వ్యాసంలో కూడా మన మట్టి అత్తరు ప్రస్తావన ఉంది. ఫ్రాంకిన్‌సెన్స్ అని చూసి సాంబ్రాణి అనుకోకండి, అది వేరే చెట్టు జిగురు, నిమ్మతొక్క లాంటి పులుపు తగులుతుంది.

మీరు రాసింది కార్డుతో కలవకపోతే పరీక్ష తప్పినట్టు కాదు. మీరు రాసిన మూడు మాటల్లో ఏదో ఒక చోటు, ఒక ఇల్లు, ఒక పూట ఉందా అన్నదే చూడాలి. "తీపి, ఘాటు, బాగుంది" అని మాత్రమే ఉంటే ఆ సెంటు మీ దగ్గర తన పని చేయలేదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

సీసా మూతికి ముక్కు ఆనించి పీల్చడం మొదటిది. అక్కడ అన్నీ ఒకేసారి మీద పడతాయి. రెండోది, నాలుగు సెంట్లు వరసగా చూసి ముక్కు మొద్దుబారాక కాఫీ గింజలు వాసన చూడటం. మామూలు గాలి పీల్చినదాని కంటే వాటివల్ల ఎక్కువ మేలేమీ లేదని పరీక్ష చేసి చూశారు. సెంటు తగలని చోట మీ చొక్కా మడతలో ముక్కు పెట్టి నాలుగు ఊపిర్లు తీసుకోండి, లేదా బయటికి వెళ్ళి రండి. మూడోది, పోపు వేసిన వెంటనే పరీక్షకు కూర్చోవడం. ఇంగువ ముందు ఏ అడవీ నిలబడదు. జలుబు చేసినప్పుడైతే అసలే వద్దు.

ఇంకొకటి, నేనూ చేసిందే. వాసన రావట్లేదని ఇంకో చుక్క, ఇంకో చుక్క రాస్తూ పోవడం. మీ ముక్కు అలవాటు పడిపోయింది, అంతే. ఆ రోజు మీటింగులో పక్క కుర్చీ ఆయన లేచి, ఏదో వైరు కాలుతోందని సాకెట్లన్నీ వెతికాడు. నేను ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

కొనాలా, వద్దా

వారం తేడాతో మూడుసార్లు రాసుకోండి, ఒకసారి వాన రోజు, ఒకసారి ఎండ రోజు. తర్వాత నోట్సు చూడండి. మూడుసార్లూ 2 గంటల దగ్గర రాసింది దాదాపు ఒకేలా ఉంటే, అది మీ ఒంటి మీద నిలకడగా ఉందని అర్థం. నూనె సెంటు 4 గంటల తర్వాత చర్మానికి దగ్గరగా మాత్రమే వస్తే కంగారు పడకండి, దాని స్వభావమే అంత. ఆల్కహాల్‌ది గంటకే పూర్తిగా పోయి, ఇంకో ముక్కుకు కూడా అందకపోతే పెద్ద సీసా అనవసరం.

అసలు గుర్తు ఇంకొకటుంది. అలారం మోగకముందే చేయి ముక్కు దగ్గరికి పోయిందా? పోయి ఉంటే అందులో దొరికే అతి చిన్న సీసా కొనండి. నూనెదైతే 5 మిల్లీలీటర్లు రోజుకు రెండు చుక్కల లెక్కన నెలలు వస్తుంది. వచ్చే ఏడాది అదే పేరుతో కొన్నది కాస్త వేరుగా ఉండవచ్చు. చిన్న చిన్న విడతలుగా కలుపుతారు, ముడిసరుకు మారుతుంది. నచ్చిన విడత సీసా మీద ఏడాది రాసి పెట్టుకోండి.

నచ్చనివి వెంటనే ఎవరికీ ఇచ్చేయకండి. మూత బిగించి, జిప్ కవర్లో వేసి, వెలుతురు, వేడి తగలని చోట పెట్టి వచ్చే అక్టోబర్‌లో ఇంకోసారి చూడండి. బాత్‌రూమ్ వద్దు, కిటికీ గట్టు వద్దు. వంటింటి అర అసలే వద్దు. పోయినేడు నాలుగు సీసాలు టీ పొడి డబ్బా పక్కన పెట్టి మరిచాను. నెల రోజులు మా ఆయన పొద్దున్నే కప్పు పట్టుకుని, "ఇందులో బీరువా వాసన వస్తోందేంటి?" అని అడుగుతూనే ఉన్నాడు.